బడి మూసే రోజునే తెరిచే షరతు రాసుకోవాలి

ప్రశ్న: హైదరాబాద్ బోరబండలో అద్దె భవనంలో నడుస్తున్న ఒక చిన్న ప్రైవేటు పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. నర్సరీ నుంచి పదో తరగతి వరకు నాలుగు వందల మందికి పైగా పిల్లలున్నారు. మొన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి, "కరోనా లాంటిది మళ్లీ వస్తే బడి ఎప్పుడు మూస్తారు, ఎప్పుడు తెరుస్తారు? ఈసారైనా ముందే చెప్పండి" అని అడిగారు. మా కరస్పాండెంట్ గారు ఒక పేజీ రాసిమ్మన్నారు. నేను ఇలా రాశాను: "కేసులు పూర్తిగా తగ్గిన తరువాత, ప్రభుత్వ ఆదేశాల మేరకు, ముందుగా 9, 10 తరగతులను, ఆపై దశలవారీగా కింది తరగతులను ప్రారంభిస్తాము. తల్లిదండ్రుల అంగీకార పత్రం తప్పనిసరి." మా ఉపాధ్యాయుల్లో కొందరు పిల్లలకు టీకా వచ్చేదాకా తెరవకూడదంటున్నారు. కొందరు తల్లిదండ్రులు అసలు మూయనే వద్దంటున్నారు. నేను రాసింది సరిపోతుందా? జ్వరం చూసే గన్‌లు, గాలిని కొలిచే మీటర్లు ఇప్పుడే కొనిపెట్టుకోవాలా?

సమాధానం:

మేడమ్ గారూ,

మీరు రాసిన దానిలో పైకి తప్పేమీ కనిపించదు. 2020, 2021 సంవత్సరాల్లో మన నగరంలో ఏ బడి నోటీసు బోర్డు మీద చూసినా దాదాపు ఇవే మాటలుండేవి. నా అభ్యంతరం కూడా అదే. ఆ మాటల ప్రకారం నడుచుకుంటే ఏం జరిగిందో చూసిన తరువాత, మళ్లీ వాటినే ముందుజాగ్రత్త పేరుతో తల్లిదండ్రుల చేతిలో పెట్టడం సరికాదు. ఎప్పుడు తెరవాలన్న ప్రశ్నకు ఇప్పుడు తేదీ రూపంలో ఎవరూ జవాబు చెప్పలేరు. కానీ ఏ తరగతిని ముందు పిలవాలి, ఏ లెక్క చూసి పిలవాలి, ఆలస్యమైతే ఆ భారం ఎవరి మీద పడుతుంది అన్న వాటికి మాత్రం జవాబులు ముందే రాసిపెట్టుకోవచ్చు. మీ పేజీలో ఉండవలసినవి అవే.

"ముందుగా 9, 10 తరగతులు" అన్న మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ ప్రశ్నించకుండా ఒప్పుకునే మాట అదే. మన రాష్ట్రంలో 2020 మార్చి మధ్యలో బడులు మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరి 1న 9వ తరగతి నుంచి పైవారికి, ఫిబ్రవరి 24 నుంచి 6, 7, 8 తరగతులవారికి తెరిచారు. మార్చి 24 నుంచి మళ్లీ అన్నింటినీ మూసేశారు. ఒకటి నుంచి ఐదు వరకు చదివే పిల్లలకు 2021 సెప్టెంబరు 1 దాకా బడి గడప తొక్కే వీలే కలగలేదు. 2020 మార్చిలో యూకేజీ చదువుతున్న పిల్ల ఒకటో తరగతి గదిలో ఒక్కరోజు కూడా కూర్చోకుండా నేరుగా రెండో తరగతిలోకి వెళ్లింది. అక్షరాలు కూడబలుక్కుని పదం చదవడం నేర్చుకోవలసిన ఏడాది ఆ పిల్లకు అసలు జరగనే లేదు.

ఈ క్రమాన్ని నిర్ణయించింది రోగం కాదు, పిల్లల అవసరమూ కాదు. నిర్ణయించింది పదో తరగతి పరీక్ష. మరి ఆ పరీక్ష సంగతి ఏమైంది? 2020 మార్చి 19న మొదలై మూడు పేపర్లు జరిగాక ఆగిపోయింది. జూన్ 8న ప్రభుత్వం దానిని రద్దు చేసి, 5.34 లక్షల మందిని అంతర్గత మార్కుల ఆధారంగా ఉత్తీర్ణులుగా ప్రకటించింది. 2021లో పరీక్ష కోసమే పెద్దపిల్లలను ముందు పిలిచాం. ఏప్రిల్ నెలలో ఆ పరీక్ష కూడా రద్దయింది. ఏ పరీక్ష కోసం చిన్నపిల్లలను చివరికి నెట్టామో ఆ పరీక్ష రెండేళ్లూ పూర్తిగా జరగలేదు. ఈ సంగతి మీ కరస్పాండెంట్ గారికి తప్పక చెప్పండి. పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీలతోనే బడి పేరు నిలబడుతుందని నమ్మే నగరంలో ఉన్నాం కాబట్టి, ఆయన మొదట ఒప్పుకోకపోవచ్చు.

పెద్దపిల్లలకు ఇంట్లో ఒక ఫోను, ఒక గైడు ఇచ్చి కూర్చోబెడితే ఎంతో కొంత చదువుకోగలరు. ఆరేళ్ల పిల్ల అలా చదవలేదు. 2020 సెప్టెంబరు 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలుపెట్టినప్పుడు అవి మూడో తరగతి నుంచి పైవారికే పరిమితమయ్యాయి. తెర మీద బొమ్మ చూసి ఒకటో తరగతి పిల్ల గుణింతం నేర్చుకోదన్నది అందరికీ తెలిసిన విషయమే. కానీ తెలిసి కూడా, బడి తెరిచే వరుసలో ఆ పిల్లను చివర నిలబెట్టాం. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ వారు 2021 జనవరిలో ఐదు రాష్ట్రాల్లో 16,067 మంది ప్రాథమిక పిల్లలను పరీక్షించినప్పుడు, అంతకుముందు ఏడాది వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకదానిని 92 శాతం మంది పోగొట్టుకున్నారని తేలింది. గణితంలో అది 82 శాతం. ఆ ఐదింటిలో తెలంగాణ లేదు గానీ, మన బస్తీ పిల్లల పరిస్థితి వేరుగా ఉందనుకోవడానికి కారణం కనిపించదు. అదే ఏడాది ఆగస్టులో పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద కుటుంబాల మధ్య జరిగిన మరో సర్వేలో, గ్రామీణ పిల్లల్లో ఆన్‌లైన్‌లో క్రమం తప్పకుండా చదువుతున్నవారు 8 శాతమేనని, 37 శాతం మంది అసలు చదవడమే లేదని వెల్లడైంది. పిల్లల చదువు స్థాయిని కొలిచే దేశవ్యాప్త అసర్ నివేదిక ప్రకారం, రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. 2022లో మన ప్రభుత్వం ఒకటి నుంచి ఐదు తరగతులకు "తొలిమెట్టు" పేరుతో చదవడం, రాయడం, లెక్కలు మొదటినుంచి నేర్పించే కార్యక్రమం పెట్టవలసి వచ్చిందంటే, లోటు ఎక్కడ పడిందో దానినిబట్టే అర్థమవుతుంది.

రోగం వైపు నుంచి చూసినా అప్పుడు చిన్నపిల్లలనే ముందు పిలవవలసింది. కరోనా పెద్దవారిని బాధించినంతగా చిన్నారులను బాధించలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2021 జూన్, జూలై నెలల్లో రక్తం పరీక్షించి చేసిన నాలుగో సీరో సర్వేలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, పది నుంచి పదిహేడేళ్లవారిలో 61.6 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలు, అంటే వైరస్ సోకిన గుర్తులు, ఉన్నాయి. బడులు మూసి ఉన్నా వైరస్ ఇళ్లలోకి వచ్చి పిల్లలను పలకరించే వెళ్లింది. ఆ ఫలితాలను ప్రకటిస్తూ సంస్థ డైరెక్టర్ జనరల్ బలరాం భార్గవ, బోధన, రవాణా సిబ్బందికి టీకాలు వేయించి, ముందుగా ప్రాథమిక పాఠశాలలనే తెరవడం మంచిదన్నారు. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15ననే చిన్న తరగతులతో మొదలుపెట్టింది. ఇంట్లో ఒంటరిగా ఉండలేని పిల్ల బడిలో ఉంటే తల్లి పనికి వెళ్లగలదు. ఈ లెక్క బోరబండలో ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఇళ్లలో పనిచేసే తల్లులు, కూలి పని కోసం అడ్డా మీద నిలబడే తండ్రులు తమ పిల్లలను ఇంట్లో ఎవరి దగ్గర వదలాలో తెలియక పడిన ఇబ్బంది మీకు నాకంటే బాగా తెలుసు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. తరువాత వచ్చే మహమ్మారి కరోనాలా ఉంటుందన్న హామీ లేదు. ఇన్‌ఫ్లూయెంజా కుటుంబంలోని రోగాలు పిల్లల ద్వారానే ఎక్కువగా పాకుతాయి. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ వృద్ధులకంటే పిల్లలకు, యువకులకు ఎక్కువగా సోకింది. 1918లో వచ్చిన ఫ్లూ బలంగా ఉన్న యువకులను పొట్టనబెట్టుకుంది. అందుచేత "ముందు ప్రాథమిక తరగతులు" అన్న మాటను కూడా గుడ్డిగా రాయకండి. "ఈ రోగం చిన్నపిల్లలకు ప్రత్యేకంగా ప్రమాదకరమని వైద్యులు చెప్పనంతవరకు, ఒకటి నుంచి మూడు తరగతులను ముందు, పదిని వాటితోపాటు, మిగిలినవాటిని ఆ తరువాత" అని రాయండి. పదిని కలపమన్నది మీ కరస్పాండెంట్ గారి కోసమే కాదు. బడి విడిచి వెళ్లిపోయే ఏడాది కాబట్టి ఆ పిల్లలకు మరో అవకాశం ఉండదు. ఎల్‌కేజీ, యూకేజీలను నేను ముందు వరుసలో చేర్చలేదు. మాస్కు పెట్టించలేని, ఒకరినొకరు ఎత్తుకుని ఆడుకునే వయసు అది. ఐదేళ్లలోపు వారికి మాస్కు తప్పనిసరి చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. వారిని రెండు వారాలు ఆగి పిలిస్తే పెద్ద నష్టం ఉండదు.

ఇక "కేసులు పూర్తిగా తగ్గిన తరువాత" అన్న మాట. ఇది జాగ్రత్తగా కనిపించే మాటే గానీ, దీనిలో కొలత లేదు. కేసుల సంఖ్య పరీక్షల సంఖ్యను బట్టి మారుతుంది. 2020లో పరీక్షలు చాలడం లేదని మన హైకోర్టు ప్రభుత్వాన్ని పదేపదే మందలించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు నగరంలోని మురుగునీటిని పరీక్షించి, అంతకుముందు దాదాపు ముప్పై ఐదు రోజుల్లో హైదరాబాద్‌లో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. ఆ రోజుల్లో రాష్ట్రమంతటా అధికారికంగా నమోదైన కేసులు సుమారు లక్ష. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి నగరంలోని ముప్పై వార్డుల్లో చేసి 2021 మార్చిలో వెల్లడించిన సర్వేలో 54 శాతం మందికి యాంటీబాడీలున్నాయని తేలింది; వారిలో 75 శాతానికి పైగా మందికి తమకు సోకిందనే తెలియదు. ఇలాంటి నగరంలో "కేసులు పూర్తిగా తగ్గడం" అంటే పరీక్షలు తగ్గడం కూడా కావచ్చు. సున్నా కోసం ఎదురుచూసే బడి ఎన్నటికీ తెరుచుకోదు, లేదా తప్పుడు సున్నా చూసి తెరుచుకుంటుంది.

దానికి బదులు మీకు అందుబాటులో ఉండే మూడు కొలతలు చెబుతాను. మొదటిది, చేసిన పరీక్షల్లో పాజిటివ్‌గా తేలినవి ఎన్ని అన్నది. 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆంక్షలు సడలించేముందు ఆ నిష్పత్తి కనీసం రెండు వారాలపాటు 5 శాతం లోపు ఉండాలని సూచించింది. ఇది కూడా పరీక్షలు విస్తారంగా జరిగినప్పుడే నమ్మదగినది. రెండవది ఆసుపత్రుల పరిస్థితి: గాంధీలో, నిలోఫర్‌లో మంచాలు దొరుకుతున్నాయా, పిల్లల వార్డు నిండిందా అన్నది పత్రికలు చెబుతాయి, మీ బస్తీ దవాఖానా డాక్టరు గారు ఇంకా ముందే చెబుతారు. మూడవది మీ చేతిలోనే ఉన్నది, నేను అన్నింటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది. ప్రతి తరగతి ఉపాధ్యాయురాలు వారానికి రెండుసార్లు తన పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి, ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉన్నాయా అని అడిగి ఒక పుస్తకంలో రాయాలి. నాలుగు వందల ఇళ్ల జ్వరాల లెక్క మీ చుట్టుపక్కల నాలుగైదు బస్తీల పరిస్థితిని నగరం మొత్తం అంకెకంటే నిజంగా చూపిస్తుంది. 2021 మేలో ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే చేయించింది కూడా ఈ ఆలోచనతోనే. బడి తెరిచాక ఆ పుస్తకమే హాజరు పట్టీ పక్కన ఉండాలి. ఎవరు ఎందుకు రాలేదో ఆ రోజే కనుక్కోవాలి. ఆ ఫోన్ వల్ల మరో మేలు కూడా ఉంది, పిల్ల చదువు మానేసిందా, ఊరికి వెళ్లిపోయిందా, పనికి పోతోందా అన్నది మీకు ఆలస్యం కాకముందే తెలుస్తుంది.

"ప్రభుత్వ ఆదేశాల మేరకు" అన్నది తీసివేయమని చెప్పను. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం మూయించే అధికారం ప్రభుత్వాలది. ఆదేశాన్ని మీరి మీరు తెరవలేరు. కానీ అనుమతి వచ్చిన రోజున మీరు సిద్ధంగా ఉండాలా వద్దా, ఏ గదులు ముందు తెరవాలి, ఒక్కో గదిలో ఎందరిని కూర్చోబెట్టాలి, మీ బడిలో కేసులు వస్తే ఎన్ని రోజులు మూయాలి అన్నవి చాలావరకు మీ నిర్ణయాలే. అప్పట్లో వచ్చిన ఉత్తర్వుల్లో "తదుపరి ఉత్తర్వులు వచ్చే వరకు" అనే ముగింపు ఉండేది. మీ నోటీసులో ఆ ముగింపు వద్దు. ఏ రోజున మూస్తున్నారో ఆ నోటీసులోనే, ఏమేమి జరిగితే తెరుస్తారో, మళ్లీ ఏ తేదీన కూర్చుని చూస్తారో రాయండి. ప్రతి పద్నాలుగు రోజులకు ఒకసారి చూడటం చాలు. మూత కొనసాగించాలంటే ఎందుకో ప్రతిసారీ కాగితం మీద కొత్తగా రాయవలసి రావాలి; కారణం చెప్పలేకపోతే తెరవడమే నియమం కావాలి. మనదగ్గర ఇది తలకిందులైంది. తెరవడానికి కారణాలు అడిగాం, మూసి ఉంచడానికి ఎవరినీ ఏమీ అడగలేదు. 2022 జనవరి 8న సంక్రాంతి సెలవుల పేరుతో మూసిన బడులు ఆ నెలాఖరు దాకా తెరుచుకోలేదు. సినిమా హాళ్లు, మాల్స్ మాత్రం నడుస్తూనే ఉన్నాయి. బడులు చివరగా మూతపడాలి, ముందుగా తెరుచుకోవాలని యునిసెఫ్, యునెస్కో అధిపతులు అంతకు ఆరు నెలల ముందే సంయుక్తంగా కోరినా ఇక్కడ వరుస అలా సాగలేదు.

ఈ పద్నాలుగు రోజుల సమీక్షకు ఎవరు కూర్చోవాలన్నదీ ముఖ్యమే. మీరు, కరస్పాండెంట్ గారు, ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైతే బస్తీ దవాఖానా డాక్టరు, ఇద్దరు తల్లిదండ్రులు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా ప్రాథమిక తరగతి పిల్ల తల్లి కావాలి. సమావేశాల్లో గట్టిగా మాట్లాడేది సాధారణంగా పదో తరగతి పిల్లల తండ్రులే. వారి మాటే అందరి మాటగా నమోదవుతుంది.

టీకా వచ్చేదాకా తెరవకూడదన్న మీ ఉపాధ్యాయుల మాటను నేను తేలికగా తీసుకోను. జీతం ఆగిపోయిన భయం, రోగం భయం రెండూ కలిసి వారి మీదే పడ్డాయి. చాలా ప్రైవేటు బడులు జీతాలు ఆపేస్తే, 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చింది. అయినా, పిల్లల టీకాను షరతుగా పెడితే ఏమవుతుందో చూడండి. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్లవారికి టీకా మొదలైంది 2022 జనవరి 3న; పన్నెండు నుంచి పద్నాలుగేళ్లవారికి, మన నగరానికే చెందిన బయోలాజికల్ ఇ తయారుచేసిన కోర్బెవాక్స్‌తో, ఆ ఏడాది మార్చి 16న. పన్నెండేళ్లలోపు పిల్లల దాకా జాతీయ టీకా కార్యక్రమం రానే లేదు. ఆ షరతుకు కట్టుబడి ఉంటే మీ ప్రాథమిక విభాగం ఇప్పటికీ మూసే ఉండాలి. కాబట్టి షరతు ఉపాధ్యాయుల, ఆయాల, వ్యాన్ డ్రైవర్ల టీకా గురించి పెట్టండి. టీకా ఇంకా తయారుకాని దశలోనే తెరవవలసి వస్తే, మధుమేహం, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు ఇంటినుంచే ఫోన్ పాఠాలు, జ్వరాల పుస్తకం పని అప్పగిస్తామని, వారి జీతం కోయబోమని రాయండి. ఈ చివరి మాట లేకపోతే, జబ్బు ఉన్న టీచరు దానిని దాచిపెట్టి బడికి వస్తుంది. అప్పుడు మీ జాగ్రత్తలన్నీ వృథా.

ఫీజు సంగతి కూడా ఈ పేజీలోనే ఉండాలి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 46వ నంబరు జీవో, ఆ విద్యా సంవత్సరానికి ఫీజులు పెంచవద్దని, ట్యూషన్ ఫీజును మాత్రమే నెలనెలా తీసుకోవాలని ప్రైవేటు బడులను ఆదేశించింది. బడి మూసి ఉన్న నెలల్లో ఎంత తీసుకుంటారో ముందే చెబితే, "ఫీజుల కోసమే తెరుస్తున్నారు" అన్న అనుమానం తెరిచే నాడు రాదు. ఆ అనుమానం ఉన్నచోట మీరు చూపే ఏ ఆరోగ్య లెక్కనూ తల్లిదండ్రులు నమ్మరు.

అసలు మూయనే వద్దంటున్న తల్లిదండ్రులకు కూడా ఆధారం లేకపోలేదు. 1918 ఫ్లూ సమయంలో అమెరికాలో చాలా నగరాలు బడులు మూసినా న్యూయార్క్, షికాగో నగరాలు తెరిచే ఉంచాయి. ఇరుకు ఇళ్లలో ఉండేకంటే బడిలో పిల్లల మీద కన్ను ఉంటుందన్నది వారి వాదన. కానీ అక్కడ రోజూ పిల్లలను పరీక్షించే బడి వైద్యులు, నర్సులు ఉండేవారు. మనకు అలాంటి ఏర్పాటు లేదు. రోగం ఎవరిని పట్టుకుంటుందో, ఎలా పాకుతుందో తెలియని మొదటి మూడు నాలుగు వారాలు మూయడం సబబే. అజ్ఞానం తొలగాక కూడా అదే మూతను అలవాటుగా కొనసాగించడమే తప్పు.

అంగీకార పత్రం గురించి రెండు మాటలు. అది తల్లిదండ్రులకు ఎంపిక ఇచ్చే కాగితంగా ఉండాలి. "ఏం జరిగినా బడికి సంబంధం లేదు" అని సంతకం పెట్టించుకునే కాగితం అయితే, తెరిచే ధైర్యం మీకే లేదని చెప్పినట్టవుతుంది. 2021 ఆగస్టు 31న మన హైకోర్టు, ప్రత్యక్ష తరగతులకు రావాలని ఏ విద్యార్థినీ ఒత్తిడి చేయకూడదని, గురుకులాలను అప్పుడే తెరవవద్దని మధ్యంతర ఆదేశమిచ్చింది. గురుకులాల విషయంలో ఆ తేడా సమంజసమే. కలిసి నిద్రపోయే హాస్టల్‌ను, సాయంత్రం ఇంటికి వెళ్లే బడిని ఒకే గాటన కట్టకూడదు. ఇంట్లో డయాలిసిస్ మీద ఉన్న అమ్మమ్మో, క్యాన్సర్ మందులు వాడే తండ్రో ఉంటే పిల్లను పంపకపోవడం ఆ కుటుంబం హక్కు. ఆ పిల్లకు వారానికొకసారి వర్క్‌షీట్లు, ఒక ఫోన్ పాఠం అందుతాయని, హాజరు పేరుతో పేరు కొట్టివేయబోమని రాయండి.

మీ భవనం సంగతి చివరికి ఉంచాను గానీ, ఏ తేదీన తెరవగలరన్నది దాని మీద కూడా ఆధారపడుతుంది. గాలి ద్వారా పాకే రోగమైతే, పక్క ఇంటి గోడకు ఆనుకున్న ఒక్క కిటికీ గదిలో నలభై మందిని కూర్చోబెట్టడం ఏ అంకె తగ్గినా ప్రమాదమే. 2020 మే మధ్యలో ఇజ్రాయెల్ బడులన్నింటినీ ఒక్కసారిగా తెరిచింది. వడగాలుల వల్ల మాస్కులకు మినహాయింపు ఇచ్చి, ఏసీలు వేసి కిక్కిరిసిన గదుల్లో పాఠాలు నడిపిన జెరూసలేం బడి ఒకదానిలో సుమారు పదిరోజులకే రోగం పాకి 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి సోకింది. మీకు ఏసీలు లేవు, అది ఒక విధంగా మేలే. సీలింగ్ ఫ్యాను మాత్రం ఉన్న గాలినే తిప్పుతుంది. బయటి గాలి రావాలంటే ఒకవైపు కిటికీ, ఎదురువైపు గాలిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాలి. మన బస్తీల్లో కిటికీలు మూసి ఉంచేది దోమల భయంతో. డెంగీ కాలంలో ఆ భయం న్యాయమైనదే కాబట్టి, ముందు కిటికీలకు జాలీలు బిగించండి, ఆ తరువాతే తెరిచి ఉంచమని చెప్పండి.

సగం మందిని ఉదయం, సగం మందిని మధ్యాహ్నం పిలవడం మనకు కొత్త కాదు. ఏటా మార్చిలో ఒంటిపూట బడులు నడిపే అనుభవం మీ సిబ్బందికి ఉంది. అదే సమయపట్టికను రెండు జట్లకు సర్దితే చాలు. రోజంతా బడి నడిపితేనే బడి అనుకోనవసరం లేదు, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతులకు రోజూ మూడు గంటల చదువు చాలావరకు సరిపోతుంది. ఒకే గదిలో మాస్కులు తీసి అందరూ టిఫిన్ డబ్బాలు తెరవడమే రోజులో అన్నింటికంటే ప్రమాదకరమైన అరగంట. ఒంటిపూట పెడితే అది తప్పుతుంది. కొందరు పిల్లలకు బడి పేరుతో దొరికే ఆ ఒక్క పూట తిండే ఆధారమైతే, వారిని మేడ మీద నీడలో, ఆరేడు మంది చొప్పున కూర్చోబెట్టండి. ఆటోల గురించి నేను చెప్పనక్కర్లేదు: గదిలో దూరదూరంగా కూర్చోబెట్టిన పన్నెండు మందిని ఒకే ఆటోలో ఇంటికి పంపితే చేసిందంతా పోతుంది. నడిచి రాగలిగినవారి జాబితా ఇప్పుడే తీయండి. మీ బడిలో వారే ఎక్కువ ఉంటారని నా అంచనా.

కేసు బయటపడితే మొత్తం బడి మూయనవసరం లేదు. ఆ జట్టును మాత్రం ఇంటికి పంపి, రోగాన్ని బట్టి వైద్యులు చెప్పిన రోజులు ఆపితే చాలు. ఒకే వారంలో వేర్వేరు జట్లలో రెండుమూడు కేసులు వచ్చినా, పాఠం చెప్పడానికి మనుషులు చాలకపోయినా అప్పుడు మొత్తం మూసి సమీక్షకు కూర్చోండి. జట్లు ఒకదానితో ఒకటి కలవకుండా ఉన్నప్పుడే ఇది సాధ్యం కాబట్టి, ఒకే టీచరు అన్ని తరగతులకూ తిరిగే ఏర్పాటును ఆ నెలల్లో మానుకోవలసి వస్తుంది. హిందీ, కంప్యూటరు పీరియడ్లు కొన్నాళ్లు పోయినా ఫర్వాలేదు.

కొనుగోళ్ల విషయం అడిగారు. జ్వరం చూసే గన్ ఒకటి ఉంటే చాలు, గేటు దగ్గర దానిమీదే భరోసా పెట్టుకోకండి. లక్షణాలు లేకుండానే రోగాన్ని మోసేవారిని అది పట్టుకోలేదు. మనుషుల మీద మందు చల్లే సొరంగాలు వద్దని కేంద్ర ఆరోగ్య శాఖే 2020 ఏప్రిల్‌లో చెప్పింది, ఎవరైనా అమ్మజూపితే తిప్పి పంపండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చూపించే మీటరు ఒక్కటి కొని గది గదికీ తిప్పండి. బయట అది దాదాపు 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) దగ్గర ఉంటుంది. పిల్లలు కూర్చున్న గదిలో వెయ్యి దాటిందంటే ఆ గదిలో గాలి మారడం లేదని అర్థం, అక్కడ మందిని తగ్గించాలి లేదా ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలి. ఈ కొలతలు తీయడానికి మహమ్మారి రావలసిన పనిలేదు. ఈ వర్షాకాలంలో, కిటికీలు మూసి ఉన్న రోజున ఒకసారి, తెరిచిన రోజున ఒకసారి ప్రతి గదిలో కొలిచి, ఆ గదిలో ఎందరు సురక్షితంగా కూర్చోగలరో మీ పేజీ వెనుక వేయండి. మిగిలిన డబ్బుతో జాలీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించండి. అద్దె భవనం కాబట్టి గోడకు రంధ్రం కొట్టే ముందు ఇంటి యజమానిని అడగాల్సి ఉంటుంది. ఆ మాట ఇప్పుడే కదపండి.